టికెట్ చూపించండి... మందుల వేళ చెబుతా!

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మా ఓపీలో ఒక ప్రశ్న ఎక్కువగా వినిపిస్తుంది. 'డాక్టరు గారూ, అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. అమెరికా వెళుతున్నాం. మందులు ఇలాగే వాడమంటారా?' బందరు, గుడివాడ, దివిసీమల్లో పిల్లలు విదేశాల్లో లేని వీధిని వెతుక్కోవాలి. కాబట్టి ఈ ప్రశ్నలో వింతేమీ లేదు. దానికి నేను చాలాకాలం ఒకటే జవాబు చెప్పేవాణ్ని. 'ఇలాగే వాడండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.' వెనకాల వరుస పెద్దగా ఉంటుంది. వాళ్లూ తలూపి వెళ్లిపోయేవారు.

ఆ జవాబు ఎంత అరకొరదో నాకు నేర్పింది ఒక లెక్కల మాస్టారు.

దివిసీమలో హైస్కూల్లో పనిచేసి రిటైరైన ఆయన. అరవై ఎనిమిదేళ్లు. ఏళ్లుగా షుగరు, ఇన్సులిన్. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12. రెండుసార్లూ అన్నానికి అరగంట ముందు. ఈ అరగంట నియమం నేనే చెప్పాను. ఒక్క పూట కూడా తప్పేవారు కాదు. కూతురి పురుడు కోసం భార్యతో కలిసి డల్లాస్ బయల్దేరారు. మధ్యాహ్నం రెండింటికి ఊళ్లో కారెక్కి, విజయవాడ మీదుగా శంషాబాద్ చేరేసరికి రాత్రి పది. విమానం తెల్లవారుజామున నాలుగున్నరకు. దుబాయ్‌లో దిగి ఇంకో విమానం ఎక్కి, అందులో పదహారు గంటలు కూర్చుని డల్లాస్‌లో దిగితే అక్కడ సాయంత్రం నాలుగున్నర దాటింది. అదే సమయానికి అవనిగడ్డలో తెల్లవారుజామున మూడు దాటింది. ఇంటి గడప దాటి 37 గంటలు. నిద్ర అన్నది ముక్కలు ముక్కలుగా ఓ నాలుగు గంటలు పట్టిందేమో.

ఇంటికి చేరారు, స్నానం చేశారు. ఏడున్నరకు అలవాటు ప్రకారం రాత్రి ఇంజక్షన్ వేసుకుని సోఫాలో కూర్చున్నారు. వంటింట్లో కూతురు పప్పు తిరగమాత పెడుతోంది. కంచం వచ్చేలోపే ఆయనకు కన్ను మూతపడింది. 'పాపం, పడుకోనివ్వండి. జెట్ లాగ్. లేచాక తింటారు' అన్నారు అల్లుడు గారు. ఎవరైనా అదే అంటారు.

పది గంటలకు భార్య దుప్పటి కప్పబోతే చొక్కా తడిసి ముద్దయి ఉంది. ఏసీ గదిలో ఇంత చెమటేమిటని ఆవిడకు అనుమానం వచ్చింది. లేపితే కళ్లు తెరిచారు కానీ మాట ముద్దముద్దగా వస్తోంది, మనిషిని పోల్చుకోవడం లేదు. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 38. అంబులెన్స్ వచ్చి, నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాక తెలివిలోకి వచ్చారు. ఆవిడ దుప్పటి కప్పకుండా తన గదికి వెళ్లి పడుకుని ఉంటే నేను ఈ వ్యాసం మరోలా రాయాల్సి వచ్చేది.

ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి, మనవడి ఫొటోలన్నీ చూపించి, చివర్లో ఈ సంగతి చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. 'మీరు చెప్పినట్టే చేశానండీ' అన్నారు. అదే గుచ్చుకుంది.

లోపలి గడియారం ఇంకా బందరు టైములోనే

మన మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకు కాస్త పైన, బియ్యపు నూకంత కణాల గుంపు ఒకటి ఉంటుంది. అదే శరీరానికి పెద్ద గడియారం. ఎప్పుడు నిద్ర రావాలో, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలో, ఏ వేళకు ఏ హార్మోను రావాలో అది నడిపిస్తుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో పండు ఈగల మీద పరిశోధించి తేల్చినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పెద్ద గడియారానికి ముల్లు సరిచేసేది ముఖ్యంగా కంటిమీద పడే వెలుతురు. కాలేయం, పేగులు, కండరాల్లో చిన్న గడియారాలు వేరే ఉంటాయి. అవి భోజన వేళలను బట్టి కూడా సర్దుకుంటాయి.

విమానం ఒక్క రోజులో మనల్ని భూమికి అవతలి వైపు దించేస్తుంది. ఈ గడియారాలకు అంత వేగం లేదు. పైగా అన్నీ ఒకే వేగంతో మారవు. నట్టువాంగం ఒక తాళంలో, మృదంగం ఇంకో తాళంలో సాగితే కూచిపూడి నర్తకి పరిస్థితి ఏమవుతుందో, మొదటి వారం మన ఒంటి పరిస్థితి అది. పగలు మత్తు, రాత్రి మెలకువ, మలబద్ధకం, వికారం, చిన్న విషయానికి చిరాకు, చెప్పిన మాట మరిచిపోవడం. ఇదంతా జెట్ లాగే.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ నెలల తరబడి ప్రయాణం చేసి మన బందరు తీరానికి చేరింది. అందులోని నావికులకు రోగాలు రొష్టులు చాలానే వచ్చి ఉంటాయి గానీ జెట్ లాగ్ మాత్రం వచ్చి ఉండదు. ఓడ మీద సూర్యోదయం రోజుకు కొన్ని నిమిషాలే జరుగుతుంది. ఆ మాత్రం తేడాను ఒళ్లు ఇట్టే సర్దుకుంటుంది.

ఇక లెక్క. వేసవిలో మనకంటే న్యూయార్క్, న్యూజెర్సీ తొమ్మిదిన్నర గంటలు వెనక. డల్లాస్, షికాగో పదిన్నర గంటలు, కాలిఫోర్నియా పన్నెండున్నర గంటలు వెనక. చలికాలంలో అక్కడివాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి తేడా మరో గంట పెరుగుతుంది. పడమటి వైపు వెళ్లినప్పుడు ఒళ్లు రోజుకు సుమారు గంటన్నర చొప్పున, తూర్పు వైపు వచ్చినప్పుడు గంట చొప్పున సర్దుకుంటుందని ఒక అంచనా. మన లోపలి గడియారం చుట్టు 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అందుకే నిద్రను వెనక్కి జరపడం సులువు, ముందుకు లాగడం కష్టం. అలా చూస్తే డల్లాస్ చేరిన మనిషి కుదుటపడటానికి వారం, తిరిగొచ్చాక పది రోజులు. పగలు రాత్రి దాదాపు తలకిందులయ్యే దూరాల్లో మాత్రం దిక్కు తేడా అంత పట్టింపు కాదు, మనిషిని బట్టి మారుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకాస్త ఆలస్యం.

మొదటి మూడు రోజులు

'రాత్రి రెండింటికి ఆకలేస్తోందండీ, ఇదేం రోగం?' అని అక్కడి నుంచి ఫోన్లు చేస్తుంటారు. రోగం కాదు. డల్లాస్‌లో రాత్రి రెండంటే మన ఊళ్లో మధ్యాహ్నం పన్నెండున్నర. కడుపు అన్నం వేళకే అడుగుతోంది. అలాగే అక్కడ మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే తప్పు పట్టకండి. ఇక్కడ అది రాత్రి ఒకటిన్నర. రాత్రి ఆకలికి ఒక అరటిపండో, చిన్న గ్లాసు మజ్జిగో చాలు. లేచి ఉప్మా చేసుకుని కూర్చుంటే పేగుల గడియారం 'ఇదే భోజన వేళ' అనుకుంటుంది. అన్నట్టు, సూట్‌కేసులో బందరు లడ్డూ, హల్వా ఉన్న సంగతి ఆ వేళలో గుర్తు రావడం సహజం. షుగరున్నవాళ్లు ఆ పెట్టె అల్లుడి చేతికి ముందే ఇచ్చేయడం మంచిది.

వెలుతురే మందు. పొద్దున లేవగానే తలుపు తీసుకుని బయటికి వెళ్లి అరగంటైనా నడవాలి. మధ్యాహ్నం ఇంకోసారి. ఇంట్లో కర్టెన్లు వేసుకుని టీవీ ముందు కూర్చుంటే ఆ వెలుతురు చాలదు. చలికాలంలో న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఉన్న పగటిని వదులుకోవద్దు. వీధిలో మనిషి అలికిడి ఉండదు, బస్సు హారన్ ఉండదు, పాలవాడి కేక ఉండదు. ఇక్కడ మనకు తెలియకుండానే పొద్దు చెప్పే చప్పుళ్లేవీ అక్కడ లేకపోవడం పెద్దవాళ్లను ఇంకా అయోమయపెడుతుంది. అందుకే మొదటి వారం వేళకు లేపేవాళ్లు, వేళకు కంచం పెట్టేవాళ్లు ఉండాలి. పగలు మరీ ఆగలేకపోతే అలారం పెట్టుకుని అరగంట కునుకు. మూడు గంటలు పడుకుంటే ఆ రాత్రి జాగారమే.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది మెట్లు. అక్కడ చాలా ఇళ్లలో పడకగదులు పైన. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచిన పెద్దాయన, సగం మత్తులో, తన ఇంట్లో అలవాటైన వైపే తిరుగుతాడు. ఇక్కడ అటు బాత్రూమ్. అక్కడ అటు మెట్లు. తుంటి ఎముక విరిగితే ఆ ఆరు నెలలు మంచం మీదే. వీలుంటే మొదటి వారం కింది గదిలో పడుకోబెట్టండి. లేకపోతే దారి పొడవునా చిన్న బెడ్‌లైటు పెట్టి, మెట్ల పైఅంచున పిల్లల కోసం పెట్టే అడ్డుగేటు బిగించండి. స్నానాల గదిలో తొట్టి అంచు దాటి లోపలికి దిగడం మనవాళ్లకు కొత్త. అక్కడ జారని రబ్బరు పట్టా వేయాలి.

పురుటికి వెళ్లిన అమ్మమ్మలకు ఇంకో మాట. వెళ్లిన మర్నాడే 'నువ్వు పడుకో అమ్మా, బిడ్డను నేను చూసుకుంటా' అని రాత్రంతా పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చోకండి. మీకు తెలియకుండానే కునుకు పడుతుంది. సోఫా దిండ్ల సందున పసిగుడ్డుకు ఊపిరి ఆడకపోయే ప్రమాదం నిజమైనది. మొదటి నాలుగైదు రోజులు బిడ్డను ఉయ్యాలలోనే పడుకోబెట్టి పక్కన కూర్చోండి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం కూడా ఆ రోజుల్లో జరిగేదే.

కొత్త ఇంట్లో రాత్రిపూట పెద్దవాళ్లు 'మనింటికి పోదాం' అనడం, పొద్దో రాత్రో తెలియక తికమకపడటం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. అది రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, జ్వరం, మూత్రంలో మంట, ఎడతెరిపి లేని వాంతులు తోడైనా డాక్టరుకు చూపించాల్సిందే. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం జెట్ లాగ్‌లో ఉండవు. అది పక్షవాతం. వెంటనే 911కు ఫోన్ చేయాలి. బిల్లు ఎంతవుతుందోనన్న భయంతో చాలామంది తెల్లారేదాకా చూద్దామనుకుంటారు. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషికి డబ్బు సంగతి పక్కనపెట్టి ముందు వైద్యం అందించాలని అక్కడి చట్టం 1986 నుంచి చెబుతోంది. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. అందుకే బయల్దేరే ముందే ప్రయాణ బీమా తీసుకోవాలి, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి మరీ తీసుకోవాలి.

సూది, సిరంజి, కంచం

మాస్టారి విషయంలో తప్పెక్కడ జరిగింది? మేం వాడే 30/70 రకం ఇన్సులిన్ అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. ఇంటి దగ్గర అది సరైన నియమమే. కానీ రెండు రోజులుగా నిద్ర లేని మనిషికి ఆ అరగంట చాలా పెద్దది. ఇప్పుడు నేను చెప్పేది ఇదీ: ప్రయాణంలోనూ, చేరిన మొదటి మూడు రోజులూ, కంచం ఎదురుగా వచ్చాకే సూది. విమానంలో అయితే ట్రే మీ ముందు పెట్టాక. కుదుపుల వల్ల భోజనం పంచడం గంట ఆలస్యం కావచ్చు, ఒక్కోసారి ఆపేస్తారు కూడా. షుగర్ కొద్దిగా పెరిగితే ఆ రెండు రోజులు ఫరవాలేదు. పడిపోతేనే ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. తిండి లేకుండా ఆ మాత్ర లేదు.

పడమటికి వెళ్లే రోజు పొడుగవుతుంది, తూర్పుకు వచ్చే రోజు కురచవుతుంది. డల్లాస్ వెళ్లేవారి 'రోజు' దాదాపు 34 గంటలు. అందులో ఇన్సులిన్ ఎన్నిసార్లు, ఎన్ని యూనిట్లు అన్నది మీరు వాడే రకాన్ని బట్టి, విమానం వేళను బట్టి మారుతుంది. తిరుగు ప్రయాణంలో రోజు కురచ కాబట్టి పాత లెక్కలో వేసుకుంటే మోతాదులు దగ్గరదగ్గరగా పడి షుగర్ పడిపోవచ్చు. దీన్ని పేపర్లో చదివి చేసుకోవద్దు. బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు టికెట్ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లి, వేళలన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. దారిలో చేతి గడియారం మన టైములోనే ఉంచుకుని, దిగాక మార్చుకుంటే లెక్క తప్పదు. మేలుకున్నంతసేపు నాలుగైదు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి.

ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాను గదిలో గడ్డకట్టిపోవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. ప్రయాణానికి ఐసు పెట్టెలు అక్కర్లేదు. మామూలు గది చల్లదనంలో వాడుతున్న సీసా నాలుగు వారాలు బాగానే ఉంటుంది. మిగతావి అక్కడి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తెలియదు, కాస్త జాగ్రత్తగా చదవండి. మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దాని సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో మామూలుగా దొరికేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాని సిరంజికి నారింజ రంగు మూత. ఇక్కడి సీసాలోంచి అక్కడి సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ ఎందుకు పెరుగుతోందో అర్థం కాదు. దానికి తిరగేసి, అక్కడి సీసాలోంచి ఇక్కడి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే వెళ్లేది 50 యూనిట్లు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. సీసా ఏ దేశానిదో సిరంజి కూడా ఆ లెక్కదే కావాలి. ఉన్నన్నాళ్లకూ సరిపడా సిరంజులు ఇక్కడి నుంచే తీసుకెళ్లడం మేలు. ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియా వెళ్లేవారికి ఇంకో తికమక ఉంటుంది. అక్కడి మిషన్ 5.5 అని చూపిస్తుంది. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క, అంటే దాదాపు 100.

షుగర్ 70 కంటే తగ్గితే, మనిషి తెలివిగా ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. తెలివి లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగరున్న మనిషి కొత్త ఇంట్లో సోఫాలో ఒరిగిపోతే 'అలసిపోయారు' అనుకునే ముందు వేలికి ఒక సూది గుచ్చి చూడండి. అర నిమిషం పని.

మిగతా మందుల సంగతి ఇంత కష్టం కాదు. రోజుకొకసారి వేసుకునే బీపీ మాత్ర కొన్ని గంటలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, రెండు కలిపి మాత్రం మింగొద్దు. థైరాయిడ్ మాత్ర ప్రభావం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, చేరాక అక్కడి పొద్దునకు మార్చుకుంటే సరి. ఫిట్స్ మందులతో జాగ్రత్త. ఆ రెండు మోతాదుల మధ్య ఎడం పెరగకూడదు. నిద్ర చాలకపోవడం కూడా ఫిట్స్‌ను రెచ్చగొడుతుంది. మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాకుండా అసలు మందు పేరుతో రాయించుకోండి. మన బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు.

కాళ్లు

మన ప్రయాణం శంషాబాద్‌లో మొదలు కాదు. నాగాయలంక నుంచో కృత్తివెన్ను నుంచో బయల్దేరినవాళ్లు విమానం ఎక్కేలోపే ఏడెనిమిది గంటలు కారులో కూర్చుని ఉంటారు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం ఏదైనా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన తేల్చింది. ఆరోగ్యవంతులకు ఆ ముప్పు అసలే తక్కువ. దాదాపు ఆరువేల మందిలో ఒకరికి. ఇటీవల మోకీలు మార్చుకున్నవారు, క్యాన్సర్ ఉన్నవారు, గర్భిణులు, బాగా లావున్నవారు, ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవారు మాత్రం ముందే అడగాలి. బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే అలవాటు మన పెద్దవాళ్లది. విమానంలో గాలి బాగా పొడి, ఒళ్లు ఇట్టే ఎండిపోతుంది. నీళ్లు తాగండి, లేవాల్సి వస్తే లేవండి, ఆ నడకే కాళ్లకు మందు. దారి పక్క సీటు అడిగి తీసుకోండి. దిగిన రెండు మూడు వారాల్లో ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, హఠాత్తుగా ఆయాసం వస్తే అది ప్రయాణ బడలిక కాదు. ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర మాత్రలు

'రెండు నిద్ర మాత్రలు రాయండి, విమానంలో పడుకుంటా' అని అడుగుతారు. రాయను. అల్ప్రజోలం లాంటివి పెద్దవాళ్లలో తూలును, తికమకను, పడిపోవడాన్ని పెంచుతాయి. మత్తులో పది గంటలు కదలకుండా పడుకుంటే కాళ్ల సంగతి పైన చెప్పాను కదా. మెలటోనిన్ వేరు. రాత్రి అయిందని ఒంటికి చెప్పే హార్మోను అది. ఐదు లేదా అంతకంటే ఎక్కువ టైమ్ జోన్లు దాటేవాళ్లకు పనిచేస్తుందని 2002లో వచ్చిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. చేరిన ఊళ్లో పడుకునే వేళకు, అరమిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల లోపు, కొద్ది రోజులు. పగలు వేసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఫిట్స్ ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. కాఫీ మధ్యాహ్నం దాకా మాత్రమే. మందు గ్లాసుతో వచ్చే నిద్ర నిద్ర కాదు.

అటు నుంచి ఇటు

ఇంతసేపూ వెళ్లేవాళ్ల గురించి చెప్పాను. వచ్చేవాళ్లను నేను ఆసుపత్రి వరండాలో చూస్తుంటాను. తండ్రి ఐసీయూలో ఉన్నాడని తెలిసి, దొరికిన విమానం పట్టుకుని, శంషాబాద్ నుంచి తిన్నగా కారులో బందరు వచ్చేసిన కొడుకులు, కూతుళ్లు. చేతిలో ఇంకా బోర్డింగ్ పాస్ ఉంటుంది. పుట్టి పెరిగిన ఊరే అయినా పదేళ్లలో మారిపోయి కొత్త ఊరిలా కనిపిస్తుంది. ఏ సందులోకి తిరగాలో డ్రైవరు అడిగితే చెప్పలేకపోయానని ఒకతను నాతో అన్నాడు. వెంటిలేటరు గురించి, కిడ్నీల గురించి పావుగంట వివరించాను. అన్నీ విని, తలూపి, మళ్లీ మొదటి ప్రశ్నే అడిగాడు. మొదట నాకు విసుగొచ్చింది. తర్వాత లెక్కేసుకుంటే అతని ఒంటి గడియారంలో అప్పుడు రాత్రి మూడు. ఆ వేళలో నిద్ర లేని ఏ మనిషి బుర్రకైనా కొత్త మాట ఎక్కదు.

అప్పటి నుంచి, నిర్ణయం ఆ గంటలోనే తీసుకోవాల్సింది కాకపోతే, 'నాలుగు గంటలు పడుకుని రండి బాబూ, నేనిక్కడే ఉంటాను' అంటున్నాను. చెప్పినదంతా కాగితం మీద రాసి ఇస్తున్నాను. ఊళ్లో ఉండి రోజులుగా చూసుకుంటున్న అన్నయ్యనో, మేనత్తనో పక్కన కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. బంధువులు కూడా గమనించాలి. వచ్చీ రాగానే ఆ పిల్లల చేత ఆస్తి కాగితాల మీద సంతకాల మాట ఎత్తొద్దు. 'వాడు వచ్చి నిద్రపోతున్నాడు చూడు' అనే మాట అసలే వద్దు.

శంషాబాద్ నుంచి బందరు దాదాపు 340 కిలోమీటర్లు. అర్ధరాత్రి దిగి, స్టీరింగ్ తానే పట్టుకునే అల్లుళ్లున్నారు. దయచేసి వద్దు. డ్రైవరును పెట్టుకున్నా, అతను కూడా మీకోసం సాయంత్రం నుంచి ఎయిర్‌పోర్టులో కాచుకుని ఉన్నవాడేనని మరవొద్దు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు వరకు ఎవరికైనా కళ్లు మూతపడే వేళ. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లింట్లో ఒక పూట పడుకుని పగలు బయల్దేరితే అమ్మ ఏమీ అనుకోదు.

విమానం ఎక్కకుండానే జెట్ లాగ్‌లో బతికేవాళ్లు కూడా మన చుట్టూ ఉన్నారు. అమెరికా కంపెనీకి గుడివాడలో ఇంటినుంచే రాత్రంతా పనిచేసే కుర్రాళ్లు, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోతుందని చెరువు గట్టు మీద ఏరేటర్లకు కాపలా కాసే రొయ్యల రైతులు. వారి గురించి వివరంగా మరోసారి.

మాస్టారు రెండో మనవడి కోసం మళ్లీ వెళ్లారు. ఈసారి ఓపీకి టికెట్ ప్రింటు తీసి తెచ్చారు. లెక్కల మాస్టారు కదా, భారత సమయం ఒక గడిలో, డల్లాస్ సమయం ఒక గడిలో ముందే రాసుకొచ్చారు. నేను యూనిట్లు మాత్రం నింపాను. ఇద్దరం కలిసి ఓపీ చీటీ వెనక మొత్తం పట్టిక వేసేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. వరుసలో వెనకున్నవాళ్లు గొణిగారు. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకోబోతే పక్కనున్న భార్య లాక్కున్నారు.

'ఈసారి సూదుల సంచి నా దగ్గరే ఉంటుంది డాక్టరు గారూ' అన్నారావిడ. 'కంచం ముందు కూర్చుంటేనే బయటికి తీస్తాను.'